మాకోను గుర్తుపట్టాలంటే ముందు తోక మొదలు చూడండి

అమెరికాలో, కాలిఫోర్నియా తీరంలోని శాన్ డియాగోలో ఉంటూ ఆరేళ్లుగా ప్రతి వేసవీ సొరలను చూడటానికి మా అమ్మాయితో బోటెక్కుతున్నాను. తను మొదట అడిగిన ప్రశ్నే అందరూ అడుగుతారు: "అమ్మా, ఇది మాకోనా, బ్లూ షార్కా?" రెండూ సొరల్లో రకాలే.

ముందు పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకోండి. అవి లేకపోతే నీటి మెరుపు తప్ప ఏమీ కనిపించదు. రంగును నమ్మకండి, రెండూ నీలమే. చూపు నేరుగా తోక మొదలు మీదికి పోవాలి. మాకోకు అక్కడ రెండు పక్కలా అడ్డంగా గట్టులాంటిది పొడుచుకొచ్చి ఉంటుంది. తోక నెలవంకలా, పై కొమ్మూ కింది కొమ్మూ దాదాపు సమానంగా ఉంటాయి. బ్లూ షార్క్‌కు అంత గట్టు ఉండదు. తోకలో పై కొమ్మే బాగా పొడుగు, ఒళ్లంతా మెలికలు తిప్పుతూ ఈదుతుంది. మాకో అయితే ఒళ్లు బిగించి తోక మాత్రమే ఆడిస్తూ దూసుకొస్తుంది. ఈత కండరాల్లో పుట్టిన వేడిని సన్నని రక్తనాళాల వల బయటికి పోనివ్వకుండా ఒంట్లోనే తిప్పుతుంది. చల్లని నీళ్లలోనూ దానికి అంత చురుకు అందుకే.

తర్వాత నోరు. మూసి ఉన్నా కింది పళ్లు బయటికి కనిపిస్తాయి. దబ్బనాల్లా సన్నగా, అంచున రంపపు గాట్లు లేకుండా ఉంటాయి, జారిపోయే చేపను గుచ్చి పట్టడానికి. మాకో అన్నది న్యూజిలాండ్ మావోరీల మాట. ఈ పళ్లను వాళ్లు చెవులకు పెట్టుకునేవారు.

మాకోల్లో రెండు రకాలున్నాయి. పక్క రెక్క తలకన్నా పొట్టిగా, మూతి అడుగు తెల్లగా ఉంటే పొట్టి రెక్కల మాకో. మేం ఇక్కడ చూసినవన్నీ అవే. రెక్క తలంత పొడుగుండి, మూతి అడుగు మసకబారి ఉంటే రెండో రకం.

ఈ తీరంలో కనిపించేవి ఎక్కువగా పిల్లలే. పుట్టినప్పుడు సుమారు 70 సెంటీమీటర్లుంటాయి. తల్లి ఏడాదికి పైగా మోస్తుంది, ఆడది ఈడుకు రావడానికే దాదాపు 20 ఏళ్లు పడుతుంది. అందుకే వేట తట్టుకోలేక 2019లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది.

చేపలు పడుతుంటే మీ గాలానికి మాకో తగిలిందా, బోటులోకి లాగకండి. నీళ్లలోనే ఉంచి, కొక్కేనికి వీలైనంత దగ్గరగా దారం కోసేయండి.