తువ్వాలు కప్పి టైపింగ్ నేర్పడం

పిల్లలకు టైపింగ్ నేర్పేటప్పుడు ఎన్నిసార్లు చెప్పినా వారి చూపు తెర మీద నిలవక కీబోర్డు మీదికే జారిపోతుంది. మా అమ్మాయికి ఆ అలవాటు మాన్పించింది ఒక పలుచని తువ్వాలు. ఎఫ్, జె మీటల మీద అడుగున చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి; కళ్లు మూసుకుని వాటిని చూపుడు వేళ్లతో తడిమి గుర్తుపట్టమని చెప్పి, ఆ తరువాత చేతుల మీద తువ్వాలు కప్పాలి. రోజుకు 10 నిమిషాలు చాలు. మొదటి వారం మధ్య వరుసతోనే కుదిరే ఆస్క్, ఫాల్, ఫ్లాస్క్ వంటి ఇంగ్లీషు మాటలనే కొట్టించాలి. వేగం సంగతి అప్పుడే ఎత్తకపోవడం మంచిది. అయితే వేళ్లు పై వరుసకు అందని మరీ చిన్న పిల్లలు తువ్వాలు కింద మణికట్టును వంచేసినా మనకు కనిపించదు కనుక, వారి విషయంలో ఈ పద్ధతి పనికిరాదు.