పక్క బ్రాండ్ కెమెరాతో గ్రౌండ్‌లోకి దిగే ముందు

మొన్న ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. గుంటూరు దగ్గర ఒక ఊళ్లో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ ఫైనల్. నిర్వాహకులు అడ్వాన్సు ఇచ్చి మరీ పిలిపించుకున్నారు. ఆరేళ్లుగా ఇతను వాడుతున్నది ఒక బ్రాండ్, ఆ రోజు అద్దెకు తెచ్చుకున్నది ఇంకో బ్రాండ్. "అన్నా, ఆఖరి రైడ్ ఒక్కటీ రాలేదన్నా" అన్నాడు. పంపమన్నాను. మూడొందల పైచిలుకు ఫ్రేములు. వాటిలో బ్రహ్మాండంగా ఫోకస్ అయినది ఒక్కరే, గీత దగ్గర నిలబడ్డ అంపైర్. ముగ్గురు కలిసి రైడర్‌ను పడేసిన సూపర్ టాకిల్ మాత్రం పొగలో జరిగినట్టుంది.

"మరి నీ పాత కెమెరా ఏం చేస్తోంది?"

"ఇంట్లో పెట్టి వెళ్లానన్నా. రెండు సంచులు, బరువెందుకని."

నేనిది రాయడానికి కారణం ఆ మాటే. సంక్రాంతి దగ్గర పడుతోంది. పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు, బండలాగుడు పోటీలు వరసపెట్టి ఉంటాయి. ఈ సీజన్‌లోనే అందరికీ పక్కవాడి కెమెరా మీద మనసు పోతుంది. తప్పేం లేదు, నాకూ పోయింది. నేను మొదటి నుంచీ నికాన్ వాడిని. సోనీ ఆల్ఫా 9 మూడో తరం బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) సెకనుకు 120 ఫ్రేములు తీస్తుందని 2023లో విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. కెనాన్ 100-300 ఎఫ్2.8 లెన్స్ ఒకసారి చేతికొచ్చినప్పుడు తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. కాబట్టి ట్రై చేయొద్దని నేను చెప్పను. బ్యాటరీ ఛార్జ్ చేసుకోండి, కార్డు ఖాళీ చేసుకోండి లాంటివి కూడా చెప్పను, అవి మీకు తెలుసు.

పాత కిట్ మీతోనే ఉండాలి

డబ్బు తీసుకున్న మ్యాచ్‌కి అరువు కెమెరా ఒక్కదానితో వెళ్లకండి. ఈ తప్పు చేసి దెబ్బతిన్నవాళ్లను నా కళ్లతో నలుగురిని చూశాను. ఒకరికి పత్రికలో పని పోయింది. ఇంకొకరికి ఆ అకాడమీ మళ్లీ ఫోన్ చేయలేదు. నలుగురిలో ఎవరికీ కెమెరా పాడవలేదు. అన్నీ మంచి కెమెరాలే, వీళ్ల పాతవాటికంటే మంచివి. అక్కడే మోసపోయారు. మంచి కెమెరా కదా, మంచి ఫొటోలు వస్తాయి అనుకున్నారు.

ఆటల ఫొటోలు తీసేటప్పుడు మీరు ఆలోచించి చేసే పని చాలా తక్కువ. రైడర్ గీత దాటుతుంటే జూమ్ తిప్పడం, షట్టర్ స్పీడ్ పెంచడం, ఫోకస్ పాయింట్ జరపడం మీ వేళ్లే చేసేస్తాయి. ఆ వేళ్లకు ఆరేళ్లు ఒక బ్రాండ్ నేర్పారు. ఒక్క సాయంత్రంలో అవి ఇంకోటి నేర్చుకోవు. మెనూ అంతా చదివాను కదా అంటారు. మెనూ చదివింది మీరు, మీ వేళ్లు కాదు.

అరువు సొమ్ములు బరువు చేటు అని ఊరికే అనలేదు. నేను పాటించే పద్ధతి ఇది. భుజాన నా పాత బాడీ, 70-200 లెన్స్. ఆట మొదలైన దగ్గర్నుంచీ దాంతోనే తీస్తాను. నిర్వాహకులకు ఇవ్వాల్సినవి, అంటే రెండు జట్ల ఆట, కెప్టెన్లు, ఒకటి రెండు మంచి రైడ్లు, కార్డులో పడ్డాక మాత్రమే కొత్తది సంచిలోంచి తీస్తాను. ఆఖరి ఐదు నిమిషాలకు మళ్లీ పాతదే. అప్పుడే కదా కొత్తదాని అవసరం అంటారు చాలామంది. కాదు. చేయి తడబడకూడనిది అప్పుడే.

డబ్బు లేని ఆటలో ఎంతైనా ట్రై చేసుకోండి. పేటలో ఆదివారం పొద్దున క్రికెట్ ఆడే పిల్లలు చాలు. గుంటూరు బీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లను అడిగితే కాదనరు. మూడు పొద్దులు అలా తీయండి. కంపెనీ వాళ్ల డెమో హాల్లో ఏసీలో, మంచి లైట్ల కింద నిలబడ్డ మోడల్‌ను తీసి "ఫోకస్ అదిరింది" అనుకుని రావడం ట్రయల్ కాదు. ఆ అమ్మాయి మీ వైపు పరిగెత్తుకు రాలేదు, ఆమె ముందు నుంచి ఏడుగురు డిఫెండర్లు అడ్డం పోలేదు.

ఇదే తప్పుకు ఇంకో రూపం, పాత కిట్‌ను ముందే అమ్మేయడం. ఎక్స్ఛేంజ్ ఆఫర్ నెలాఖరుకు అయిపోతుందంటారు. అయిపోనివ్వండి. ఒక సీజన్ పూర్తిగా రెండూ మోశాక అమ్మండి.

చేతులు తప్పేది ఎక్కడ

లెన్స్ ఎక్కించే దిశ. ముందు నుంచి చూస్తే కెనాన్, సోనీ లెన్స్‌లు గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తాయి. నికాన్ దానికి ఎదురు. చీకట్లో, తొందరలో చేయి పాత వైపే తిప్పుతుంది. టక్కుమని శబ్దం వినపడే వరకు లెన్స్ మీద చేయి తీయకండి. సగం బిగిసిన 300 ఎంఎం లెన్స్ గ్యాలరీ మెట్ల మీద దొర్లుతుంటే చూసినవాణ్ని చెబుతున్నాను.

జూమ్ కూడా అంతే. నికాన్, కెనాన్ జూమ్ రింగులు ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. బ్యాట్స్‌మన్ దగ్గర పడాలని తిప్పితే దూరమైపోతాడు. అది గ్రహించి వెనక్కి తిప్పేలోపు బంతి బౌండరీ దాటుతుంది.

డయల్. మాన్యువల్ మోడ్‌లో నికాన్ షట్టర్ స్పీడ్ బొటనవేలి కింద ఉంటుంది, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ముందు వేలి దగ్గర. కెనాన్‌లో ముందు వేలికి షట్టర్, వెనక చక్రానికి అపర్చర్. నికాన్ అలవాటుతో అద్దె కెనాన్ పట్టుకున్న మన కుర్రాడు మ్యాచ్‌కి ముందు అతిథుల ఫొటోలు సెకనులో 250వ వంతులో తీశాడు. రైడ్లు మొదలవగానే వెయ్యో వంతుకు పెంచుదామని బొటనవేలు తిప్పాడు. మారింది షట్టర్ కాదు, అపర్చర్. ఎఫ్2.8 కాస్తా ఎఫ్8 అయింది, అంటే రంధ్రం చిన్నదైంది. వెలుతురు తగ్గితే సెన్సర్ సున్నితత్వాన్ని దానంతటదే పెంచే ఆటో ఐఎస్ఓ పెట్టి ఉంది కాబట్టి ఫొటో చీకటి పడలేదు. 1600 ఉన్న ఐఎస్ఓ నిశ్శబ్దంగా 12800కి పోయింది. ఇటు షట్టర్ ఇంకా 250లోనే. మనుషులు కదిలిపోయారు, పైగా ఇసుక చల్లినట్టు గ్రెయిన్. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే బాగానే కనిపించాయట. కనిపిస్తాయి.

డయల్స్ దిశనూ పనినీ మెనూలో మీ పాత కెమెరాలా మార్చుకోవచ్చు. ఇంటి దగ్గరే మార్చుకోండి, గ్రౌండ్‌లో కాదు.

ఫోకస్ అంకెలు

అంపైర్ కథ ఇక్కడిది. ఆటగాడికి ఎవరైనా అడ్డం వస్తే ఫోకస్ అతన్నే పట్టుకుని ఉండాలా, కొత్త మనిషి మీదికి దూకాలా అన్నది మనం పెట్టే సెట్టింగ్. నికాన్‌లో 1 నుంచి 5 ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పట్టు వదలదు. సోనీలో కూడా 1 నుంచి 5, కానీ అక్కడ పట్టు వదలనిది 1, కొత్తవాళ్ల మీదికి దూకేది 5. కెనాన్‌లో మైనస్ వైపు పట్టు, ప్లస్ వైపు దూకుడు. మన కుర్రాడు అలవాటుగా పెద్ద అంకె వైపు జరిపాడు. గుంపులో ఎవరు అడ్డమొస్తే వాళ్ల మీదికి దూకి, చివరికి కదలకుండా నిలబడ్డ అంపైర్ దగ్గర స్థిరపడింది.

కెనాన్ ఆర్1, ఆర్5 రెండో తరం బాడీల్లో ఆటను గుర్తుపట్టి ఫోకస్ చేసే మోడ్ గురించి చాలామంది గొప్పగా చెబుతున్నారు. అది వచ్చింది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్‌కు. కబడ్డీ దానికి తెలియదు. కూతకెళ్లిన మనిషిని వెతికిపెట్టే బాధ్యత ఇంకా మీదే.

లైట్లు

కొత్త బాడీలు ఎక్కువగా ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే (తెర కదలకుండా సెన్సర్ చదివే పద్ధతి) వేగం చూపిస్తాయి. నికాన్ జెడ్9లో అసలు మెకానికల్ షట్టరే లేదు. ఇండోర్ హాల్లో గానీ, ఎల్ఈడీ బోర్డులున్న గ్రౌండ్‌లో గానీ ఫొటో మీద అడ్డంగా చారలు పడొచ్చు. లైట్లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, సెన్సర్ పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. అందుకే ఆ చారలు. సెన్సర్ నెమ్మదిగా చదివే చౌక బాడీల్లో ఇంకో గొడవ, తిప్పిన బ్యాట్ అరటిపండులా వంగుతుంది. ఆల్ఫా 9 మూడో తరంలో సెన్సర్ అంతా ఒకేసారి చదువుతుంది కాబట్టి చారలు, వంకరలు ఉండవు. కానీ లైట్ ఆరి వెలగడం ఆగదు కదా, ఒక ఫ్రేము ముదురు, ఒక ఫ్రేము లేత వస్తాయి. యాంటీ ఫ్లిక్కర్ ఆన్ చేసి, ఆటకు గంట ముందు వెళ్లి, అదే లైట్ల కింద ఇరవై ఫ్రేములు తీసి చూసుకోండి. విజయవాడ దండమూడి ఇండోర్ స్టేడియంలో బాగా వచ్చిందని పల్లెటూరి ఫ్లడ్‌లైట్ల కింద కూడా వస్తుందనుకోకండి.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో.

అద్దె కెమెరా చేతికి రాగానే పూర్తిగా రీసెట్ కొట్టండి. అంతకుముందు ఎవరో పెళ్లికి తీసుకెళ్లి ఉంటారు. ఏ బటన్‌కు ఏ పని పెట్టారో మీకు తెలియదు.

గడియారం సరిచేయండి. రెండు కెమెరాల టైమ్ సెకనుతో సహా ఒకేలా ఉండాలి. లేకపోతే ఇంటికొచ్చి ఫొటోలన్నీ కలిపినప్పుడు రెండో అర్ధభాగం మొదటిదాని ముందుకొచ్చి, స్కోర్ క్యాప్షన్లన్నీ తప్పుతాయి.

కార్డు చూడండి. సోనీకి సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ టైప్ ఏ, జెడ్9కీ కెనాన్ ఆర్3, ఆర్1కీ టైప్ బి. ఒకదాని కార్డు ఇంకోదాంట్లో పట్టదు. రీడర్ కూడా వేరు. రాత్రి పదింటికి పల్లెటూళ్లో ఏ షాపు తెరిచి ఉంటుంది?

ఒక బ్రాండ్‌లో వాడుతున్న కార్డును ఇంకో బ్రాండ్‌లో పెట్టి ఫార్మాట్ చేయకుండా ఫొటోలు తీయకండి. కాపీ చేసుకోకుండా ఫార్మాట్ చేయకండి.

ఒక రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ఫొటో) తీసి మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. పాత సాఫ్ట్‌వేర్ కొత్త బాడీ ఫైళ్లను చదవదు. నికాన్ హై ఎఫిషియెన్సీ రా అయితే ఇంకా అనుమానమే. పత్రికకు పంపేవాళ్లు జేపెగ్ కూడా కలిపి తీయండి.

120 ఫ్రేములు పెట్టుకుని బటన్ నొక్కి పట్టుకోకండి. ఒక రైడ్ 30 సెకన్లు, లెక్క వేస్తే 3,600 ఫొటోలు. అంతవరకూ రానే రాదు, రెండు సెకన్లలోపే బఫర్ (కార్డులోకి వెళ్లేలోపు ఫొటోలు ఆగే చోటు) నిండి కెమెరా నీరసపడుతుంది. అసలు టాకిల్ ఆ తర్వాతే జరుగుతుంది.

జెడ్9లో బటన్ నొక్కకముందు క్షణాలను పట్టే మోడ్ ఉంది. అది జేపెగ్ మాత్రమే ఇస్తుంది. రా వచ్చిందనుకుని ఎక్స్‌పోజర్ నిర్లక్ష్యం చేయకండి.

సోనీ బాడీకి వేరే కంపెనీ లెన్స్ పెడితే వేగం సెకనుకు 15 ఫ్రేములకే ఆగుతుంది. అద్దె డబ్బు 120కి కట్టి 15 తీసుకురాకండి.

పాత బ్రాండ్ ఫ్లాష్‌ను కొత్త బాడీ మీద ఎక్కించకండి.

బండలాగుడు పోటీల దగ్గర లెన్స్ మార్చకండి. మార్చనే మార్చకండి. ఒంగోలు గిత్తలు కాలు దువ్వితే లేచే దుమ్ము గంటకు గానీ దిగదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో మూత తీస్తే సెన్సర్ నేరుగా గాలికి తెరుచుకుంటుంది. స్విచ్ ఆఫ్ చేస్తే సెన్సర్‌కు తెర పడే బాడీలున్నాయి, మెనూలో ఆ ఆప్షన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. ఆ తెరను వేలితో తాకకండి.

ఎడ్ల దారికి ఎదురుగా నిలబడి కొత్త వ్యూఫైండర్‌లో మెనూ వెతకకండి. ఇది ఫొటోల గురించి కాదు, ప్రాణం గురించి.

అద్దెకు తీసుకునేటప్పుడు షాపులోనే సీరియల్ నంబరు, లెన్స్ ముందు అద్దం, మౌంట్ వీడియో తీసుకోండి. ఉన్న గీతలు కాగితం మీద రాయించండి. మొహమాటపడితే డిపాజిట్ పోతుంది.

హాఫ్ టైమ్‌లో టీ తాగకండి. ఒక ఫొటోను కంటి రెప్ప కనిపించేంత పెద్దది చేసి చూడండి. చిన్న స్క్రీన్‌లో అన్నీ బాగానే ఉంటాయని ఇందాకే చెప్పాను.

ఫోకస్ అనుమానంగా ఉంటే, మెనూలోకి పోకండి. పాత కెమెరా తీయండి.

డయల్ తప్పు తిరిగితే, పాత కెమెరా తీయండి.

చారలు పడితే, పాత కెమెరా తీయండి. తీయాలంటే అది మీ దగ్గర ఉండాలి. ఇంట్లో బీరువాలో కాదు, స్నేహితుడి కారు డిక్కీలో కాదు, మీ భుజాన.

ఆ కుర్రాడికి వచ్చే శనివారం నరసరావుపేట వైపు వాలీబాల్ ఉంది. అద్దె కెమెరాను ఇంకా తిరిగివ్వలేదు, ఇంకోసారి చూస్తానన్నా అన్నాడు. సరే అన్నాను. బయల్దేరే ముందు రెండు సంచులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపమన్నాను. పాత కెమెరాతోనే తీసి పంపమన్నాను.