ఇంటి పెద్దలను ఎదిరించే పిల్ల: ఫాంటసీ నాటకం రాసే తీరు

నిరాదరణలో పెరిగిన పిల్ల అన్యాయం చేసిన పెద్దలను ఎదిరించే ఫాంటసీ నాటకం రాయదలచినవారు మంత్రమహిమల సంగతి తర్వాత చూసుకుని, ముందుగా ఆ అన్యాయాన్ని పకడ్బందీగా నిర్మించుకోవాలి. పెద్దలు అరిచి, కొట్టి హింసిస్తే ప్రేక్షకులు మొదటి రంగంలోనే పిల్ల పక్షం చేరిపోతారు, ఆపైన నాటకానికి చేయవలసిన పని మిగలదు. అదే అన్యాయం ఊరి కట్టుబాటు ప్రకారం, నలుగురి సమక్షంలో, మర్యాదగా జరిగిపోయినట్టు కనిపిస్తే ఎదిరించడం నిజంగా కష్టమవుతుంది.

ఓరుగల్లు ప్రాంతంలో రాసేవారికి ఇటువంటి అన్యాయం చెరువు కట్ట మీదనే దొరుకుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు వెలసిన కాకతీయుల కాలంలో, చెరువును తవ్వించినవారికీ బాగుచేయించినవారికీ ఆయకట్టులో పదోవంతును దశబంధ మాన్యంగా, అంటే ఇనాం భూమిగా ఇచ్చే పద్ధతి ఉండేది. గండి పూడ్చి ఆ మాన్యం పొందిన ఒక వ్యక్తి చనిపోయాడనీ, పదేళ్ల కూతురు పెద్దబాపు, అంటే తండ్రి అన్న ఇంట పెరుగుతున్నదనీ, ఆ పెద్దబాపు మాన్యం తనదేనని ఊరి పెద్దలతో చెప్పించాడనీ అనుకోండి. ఆయన పిల్లకు అన్నం పెడుతూనే ఉంటాడు, అందువల్ల ఆయనను చెడ్డవాడని అనడానికి ఊరిలో ఎవరికీ నోరు రాదు.

నిరాదరణను సంభాషణల్లో చెప్పించకూడదు, ఒక ఆచారంలో చూపించాలి. దసరానాడు చిన్నవారు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం, పెద్దలు దీవించడం మనకు తెలిసినదే. మొదటి అంకంలో పిల్ల వరుసలో నిలబడి జమ్మి అందించబోతుంది, పెద్దబాపు సరిగ్గా అప్పుడే పక్కవారితో మాటల్లో పడి, ఆమె వెనుక ఉన్న సొంత కొడుకు చేతి నుంచి ఆకు తీసుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు. ఈ ఘట్టం చేసే పనిని, సవతి పోరు మీద రాసే పది పుటల ఏడుపు చేయలేదు.

ఇక అద్భుతం విషయానికి వస్తే, దానికి ఒకే నియమం ఉండాలి, దానికొక మూల్యమూ ఉండాలి. కట్ట మీద ఎవరు ఇచ్చిన మాటైనా చెరువు నీటిలో నిలిచిపోతుందనీ, తూము రాతికి చెవి ఆనిస్తే అది ఈ పిల్లకు మాత్రమే వినిపిస్తుందనీ పెట్టుకుందాం. విన్న ప్రతిసారీ తండ్రి తనతో అన్న మాటల్లో ఒకటి ఆమె జ్ఞాపకంలో నుంచి చెరిగిపోతుంది. మాన్యం తండ్రిదేనని ఊరి పెద్దలు ఆనాడు ఒట్టు వేసిన మాట వినాలంటే, తండ్రి తనను పేరు పెట్టి పిలిచిన పిలుపును ఆమె వదులుకోవలసి వస్తుంది. ఆమె వదులుకుంటుందా లేదా అన్నదే నాటకానికి నడిమి రంగం, దానిని తొందరగా దాటించకండి.

అయితే ఆ శక్తితో తీర్పు గెలిపించవద్దు. పాత కథలను ఈ దృష్టితో చూడండి. సవతితల్లి మాటకు నొచ్చుకున్న ధ్రువుడు ఇల్లు విడిచి అడవికి వెళ్లాడు, ప్రహ్లాదుడు ఎదురు నిలిచినా చివరికి స్తంభం చీల్చుకుని వచ్చినవాడే శిక్ష వేశాడు. మేడారంలో రెండేళ్లకొకసారి కొలిచే సమ్మక్క, పులుల నడుమ కోయదొరలకు దొరికిన పిల్ల అని ఐతిహ్యం చెబుతుంది, కానీ పెంచినవారు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు, ఆమె పోరు బయటి రాజుతో. మన కథలో అన్యాయం అన్నం పెట్టే చేతిలోనే ఉన్నది కనుక ఈ మూడు దారులూ పనికిరావు. పిల్లకు మాత్రమే వినిపించినది సాక్ష్యం కాదు. ఆమె ఆ ఒట్టును సగం వరకు పలికి ఆగాలి. ఆనాడు అక్కడే ఉండి, ఇన్నేళ్లు భయపడి నోరు మూసుకున్న ముసలి నీరటికాడు, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలేవాడు, మిగిలిన సగం పూర్తి చేయాలి.

ఎదిరింపు మళ్లీ జమ్మిచెట్టు దగ్గరే జరగాలి. ఊరంతా చూస్తుండగా ఆమె ఆకును పిడికిట్లోనే ఉంచుకుంటుంది. “జమ్మి పెట్ట నేను, పెద్దబాపూ. మా బాపు మాన్యం నాకిచ్చినంక పెడ్త” అంటుంది. ఇంతకుమించి ఉపన్యాసం వద్దు, వరుస తప్పి పిలిపించవద్దు. గౌరవం తగ్గించకుండానే కాదనే పిల్లను కసరడానికి పెద్దలకు సాకు దొరకదు.

ప్రదర్శనకు డోలు మోతతో కథ చెప్పే ఒగ్గుకథ పద్ధతి బాగా కుదురుతుంది. అందులో కథ చెప్పేవారే పాత్రలుగా మారతారు కాబట్టి, ప్రధాన కథకుడికే పెద్దబాపు పాత్ర ఇవ్వండి, అంతవరకు కథంతా ఆయన నోటనే నడుస్తుంది. పిల్ల జమ్మి పెట్టనన్న క్షణం నుంచి కథనం ఆయన చేయి జారి, వంత పాడేవారికీ నీరటికాడికీ పోవాలి. వెనుక తెరగా చేర్యాల నకాశీ పటచిత్రాల తరహాలో ఎర్రని నేల మీద చెరువునూ జమ్మిచెట్టునూ వేయిస్తే సరిపోతుంది, రంగురంగుల దీపాల అవసరం లేదు.

ముగింపులో పెద్దబాపును ఏడిపించి మార్చవద్దు. మాన్యం తిరిగి ఇస్తాడు, దీవించడు, అది నమ్మదగినది. పోయిన పిలుపు పిల్లకు తిరిగి రాకూడదు, ప్రేక్షకులు జాలిపడి అడిగినా సరే. అభ్యాసాల్లో ఒక జాగ్రత్త తీసుకోండి: డోలు ముందు పిల్లల గొంతు నిలవదు, కనుక జమ్మి ఘట్టం మొదలయ్యేసరికి డోళ్లను పూర్తిగా ఆపించి, నీరటికాడు ఒట్టు పూర్తి చేసిన తర్వాతనే మళ్లీ అందుకోమనండి.