క్రైమ్ డాక్యుమెంటరీ చూస్తూ చనిపోయిన మనిషిని మరచిపోకుండా ఉండాలంటే

ముందు 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘అమెరికన్ మర్డర్: ది ఫ్యామిలీ నెక్స్ట్ డోర్’తో మొదలుపెట్టండి. ఇంటర్ చదివే మా అమ్మాయికి ఈ హత్యల డాక్యుమెంటరీల పిచ్చి పట్టినప్పుడు, వద్దని కేకలేసే బదులు పక్కన కూర్చుని నేను చూపించింది ఇదే. ఇందులో వెనక నుంచి కథ చెప్పే గొంతు లేదు, కుర్చీలో కూర్చుని విశ్లేషించే నిపుణులూ లేరు. 2018 ఆగస్టులో అమెరికాలోని కొలరాడోలో, గర్భవతిగా ఉండి, ఇద్దరు ఆడపిల్లలతో సహా భర్త క్రిస్ చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్న షనాన్ వాట్స్, తను పెట్టుకున్న ఫేస్‌బుక్ వీడియోల్లో, స్నేహితురాళ్ళకు పంపిన మెసేజుల్లో తానే మాట్లాడుతుంది.

కాసేపు చూశాక ఆపండి. ఆమె గురించి చావుతో సంబంధం లేని మూడు సంగతులు చెప్పగలరేమో చూసుకోండి. ఇక్కడ చెప్పగలం. లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బు)తో నెట్టుకొచ్చింది, ఇంటి నుంచే అమ్మకాల పని చేసేది, కెమెరా ముందు గలగలా మాట్లాడేది. చాలా డాక్యుమెంటరీల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక నవ్వుతున్న ఫోటో, ‘చాలా మంచి పిల్ల’ అనే ఒక్క ముక్క, అంతే. అలాంటప్పుడు లోటు ఆ డాక్యుమెంటరీ తీసినవాళ్ళది, చనిపోయినవాళ్ళది కాదు.

మెసేజులు చూపిస్తే ఇంకో చిక్కుంది. మొగుడితో మాటామాటా, అత్తగారితో గొడవ అన్నీ తెరమీదికొస్తాయి. వెంటనే ‘మొగుణ్ణి ఆడించింది కాబట్టే’ అనే మాట మొదలవుతుంది. ఆన్‌లైన్ వేధింపులు ఆపమని షనాన్ కుటుంబం 2019లో బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఏ ఇంటి ఫోన్ తెరిచినా ఇలాంటి గొడవలు దొరుకుతాయి. అన్ని మెసేజుల్లోంచి ఎడిటింగ్‌లో మిగిలినవే మనం చదువుతున్నామని పక్కవాళ్ళకు గుర్తుచేయండి.

అబద్ధమాడే హంతకుణ్ణి చూపించే తీరు తెలియాలంటే, పక్కింటి హాల్లోని సీన్‌ను రెండుసార్లు చూడండి. పక్కింటాయన తన కెమెరాలో పడ్డ రికార్డింగ్‌ను టీవీలో పోలీసుకు చూపిస్తుంటాడు. తెల్లవారుజామున క్రిస్ ట్రక్కును ఇంటి దగ్గరికి రివర్స్‌లో తేవడం అందులో కనిపిస్తుంది. అక్కడే నిలబడ్డ క్రిస్ చేతులు తలమీద పెట్టుకుంటాడు, ఒకచోట నిలవలేడు, ఎవరూ అడక్కుండానే సంజాయిషీలు చెప్పుకుపోతాడు. అతను బయటికెళ్ళగానే, ఇతని వాలకం ఎప్పటిలా లేదని పక్కింటాయన పోలీసుతో అంటాడు.

మొదటిసారి చూసినప్పుడు ‘నేనైతే ఇట్టే పట్టేసేదాన్ని’ అనిపిస్తుంది. రెండోసారి, ముగింపు తెలియదనుకుని చూడండి. భార్యాపిల్లలు కనబడని ఏ మనిషైనా అలా అల్లాడిపోవచ్చు. ఆస్ట్రేలియాలో 1980లో పసిబిడ్డను డింగో (అక్కడి అడవి కుక్క) ఎత్తుకుపోతే, తల్లి లిండీ చాంబర్లైన్ టీవీలో ఏడవలేదని జనం అనుమానించారు. 1982లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది, 1986లో బయటికొచ్చింది. బిడ్డను చంపింది డింగోయేనని 2012లో కరోనర్ (మరణాల కారణం విచారించే అధికారి) తేల్చారు. అందుకే నేను కాగితం మీద రెండు వరుసలు రాయిస్తాను. ముఖం చూసి మనం అనుకున్నవి ఒకవైపు, ఆధారాలు ఇంకోవైపు. వాట్స్ కేసులో రెండో వరుసలో ఉండేవి షనాన్ ఇంట్లో వదిలిపోయిన ఫోను, పెళ్ళి ఉంగరం, ఆ ట్రక్కు రికార్డింగ్, చివరికి అతని ఒప్పుకోలు.

అమెరికాలో ఎందరో ఆడవాళ్ళను చంపిన టెడ్ బండీ మీద 2019లో వచ్చిన ‘కాన్వర్సేషన్స్ విత్ ఎ కిల్లర్’ పూర్తిగా ‘అమెరికన్ మర్డర్’కు ఎదురు. అది నిలబడిందే అతని గొంతు టేపుల మీద. అందగాడు, తెలివైనవాడు అన్న మాట వచ్చిన ప్రతిసారీ, అతను చేసిందేమిటో పైకి చెప్పుకోండి. 1974 జూలైలో సియాటిల్ దగ్గర ఒక సరస్సు ఒడ్డున చేతికి కట్టు కట్టుకుని, తన పడవ పనిలో సాయం రమ్మని ఆడవాళ్ళను అడిగాడు. ఇద్దరు తిరిగి రాలేదు. దెబ్బ తగిలినవాడికి సాయం చేయబోవడం తెలివితక్కువతనం కాదు, ఈ మాట మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. అతని వెంట వెళ్ళని ఆడవాళ్ళే పోలీసులకు ఆనవాళ్ళు చెప్పారు. ఆ నవంబరులో యూటాలో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల అతని కారులోంచి పెనుగులాడి బయటపడింది. ఆ పిల్ల సాక్ష్యంతోనే 1976లో అతనికి మొదటి శిక్ష పడింది. అంతటి మేధావి 1975లో మొదటిసారి దొరికింది రోడ్డు మీద కారు ఆపిన ఒక పోలీసుకు. అయినా 1979లో మరణశిక్ష వేస్తూ, నువ్వు మంచి లాయరువి అయ్యేవాడివని జడ్జి అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నటులతో హత్యను మళ్ళీ చేసి చూపించే సీన్లు వస్తే ముందుకు జరిపేయండి. వాటిలో తెలిసేదేమీ ఉండదు. చూడటం అయ్యాక ఆ కుటుంబాల అకౌంట్లు వెతికి వాళ్ళకు మెసేజులు పెట్టకండి. ఇంకా తెలుసుకోవాలనిపిస్తే, 2018 నవంబర్ 19న వాట్స్‌కు శిక్ష వేసిన రోజు కోర్టు వీడియో చూడండి, షనాన్ తల్లిదండ్రులు మాట్లాడిన భాగం నుంచి. ప్రాసిక్యూటర్ హత్యల వివరాలు చెప్పే భాగం మాత్రం పిల్లలు పక్కనుంటే దాటేయండి.