ఇద్దరికీ ఉద్యోగం, ఒకరికి డిప్రెషన్: ఇంటిపని ఎక్కడ ఆగుతోంది, ఏం చేయాలి?

బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ, ఒకరికి డిప్రెషన్ వస్తే పనులు చెరిసగం పంచుకోవడం సరిపోదు. ఆ పని ఏ వేళకి చేయాలి, దానికి ఎంత ఆలోచన పెట్టాలి అన్నది చూసి పంచుకోవాలి.

సమస్య: పొద్దున లేవలేరు, సాయంత్రానికి మామూలుగా కనిపిస్తారు

కారణం: డిప్రెషన్‌లో చాలామందికి తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. పొద్దుటిపూట ఒళ్లూ మనసూ బరువుగా ఉండి, సాయంత్రానికి కొంత తేలికపడతాయి. మన ఇళ్లలో పనంతా మీదపడేది సరిగ్గా ఆ పొద్దుటి వేళకే: పాలు, టిఫిన్, లంచ్ బాక్సులు, జడలు, స్కూల్ బస్సు, ఆ వెంటనే ఆఫీసు. రాత్రి పిల్లలతో నవ్వుతూ మాట్లాడిన మనిషి పొద్దున మంచం దిగకపోతే ‘కావాలనే చేస్తోంది’ అనిపిస్తుంది. కావాలని కాదు, జబ్బు తీరే అంత.

ఏం చేయాలి: కొన్నాళ్లపాటు పొద్దుటి పని మొత్తం రెండోవాళ్లు తీసుకోవాలి. జబ్బుతో ఉన్నవాళ్లు సాయంత్రం చేయగలిగినంత చేస్తారు: కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టడం, యూనిఫాంలు తీసి ఉంచడం, బ్యాగులు సర్దడం. మందుల వల్ల పొద్దున మత్తుగా ఉంటే, వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. సొంతంగా మార్చొద్దు.

సమస్య: రెండోవాళ్లు ‘చెప్తే చేస్తాను కదా’ అంటారు, కానీ పని జరగదు

కారణం: చెప్పడం కూడా పనే. గ్యాస్ బుక్ చేయాలని, శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉందని గుర్తుపెట్టుకునేది ఎవరు? డిప్రెషన్ ఏకాగ్రతని, నిర్ణయం తీసుకునే శక్తిని గట్టిగా దెబ్బతీస్తుంది. అంట్లు తోమగలిగిన మనిషి కూడా ‘రాత్రికి ఏం వండాలి?’ అన్న దగ్గర కూలబడిపోవచ్చు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టేది 88. జబ్బు పడింది ఇల్లాలైతే ఆగిపోయే పని ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఏం చేయాలి: పనిని మొదలు నుంచి చివరిదాకా ఒకరే పట్టుకోవాలి. కూరగాయలు మీవైతే, ఏం అయిపోయాయో చూడటం, కొనడం, కుళ్లినవి తీసేయడం కూడా మీవే. స్కూల్ వాట్సాప్ గ్రూపు, ఫీజులు, హోంవర్క్ కూడా అంతే. రాత్రి వంటని ఆదివారమే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. వారంలో రెండు రోజులు ఇంట్లో అన్నం మాత్రం పెట్టి, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకున్నా తప్పేం లేదు.

సమస్య: సింకు చూడగానే వెనక్కి వెళ్లిపోతారు

హుషారు వచ్చాక చేద్దామనుకుంటే అది రాదు. చిన్న పని ముందు చేస్తే హుషారు కొంచెం వెనకాల వస్తుంది. సైకాలజిస్టులు చికిత్సలో భాగంగా చేయించేది కూడా ఇదే. పిల్లల బాక్సులు, కుక్కర్ కడిగితే ఆ రోజుకి చాలు. పక్కన ఒకరు నిలబడి కడిగినవి బోర్లిస్తుంటే ఇంకా తేలిక.

సమస్య: ‘ఊరికే పడుకుంటోంది’ అని పెద్దవాళ్ల మాటలు

అత్తగారికి చెప్పాల్సింది కోడలు కాదు, కొడుకు. ‘అమ్మా, తనకి ఒంట్లో బాగాలేదు, డాక్టర్ మందులు రాశారు. పొద్దున వంట నేను చేస్తాను’ అంటే చాలు. జబ్బు భర్తకైతే అది ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడొచ్చు. పిల్లలకి మాత్రం ఇది వాళ్ల తప్పు కాదని నోరు తెరిచి చెప్పండి.

సమస్య: ఎంత మార్చినా తేడా లేదు

దిగులు, నీరసం రెండు వారాలు దాటితే డాక్టర్‌కి చూపించాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం వల్ల కూడా ఇలాగే ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్షలు అవసరమేమో అడగండి. మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనుందన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాస్త కోలుకోగానే మొహమాటంతో పనులన్నీ ఒకేసారి మీద వేసుకోవద్దు. ముందు ఒక పని తీసుకుని, అది నిలబడ్డాక రెండోది. పొద్దుటి వంటని అన్నింటికన్నా ఆఖరున తీసుకోండి.