సూర్యుడి దగ్గరికి వెళ్లే టెలిస్కోప్‌ను డిజైన్ చేయడం ఎలా?

తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఉన్నలాంటి టెలిస్కోప్ కట్టాలంటే కష్టమంతా వెలుగు పోగుచేసుకోవడంలోనే. సూర్యుడి దగ్గరికి పంపేదానికి మాత్రం లోపలికొచ్చిన వెలుగును బయటికి గెంటడమే అసలు పని. బెంగళూరులో ఇంజినీరింగ్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కునే మన తెలుగు పిల్లలు దీన్ని పట్టుకోవచ్చు. మొదట్లో కాగితం, కాలిక్యులేటర్ చాలు.

1. దూరం తేల్చుకోండి. ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 నౌక సూర్యుడి దగ్గరికి వెళ్లిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో ఉంది. సూర్యుడి దాకా ఉన్న దారిలో అది నూరో వంతు. యూరప్ అంతరిక్ష సంస్థ పంపిన సోలార్ ఆర్బిటర్ సూర్యుడికి సుమారు 4.2 కోట్ల కి.మీ. దగ్గరి దాకా వెళ్తుంది. నాసా నౌక పార్కర్ అయితే 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కి.మీ. దూరంలోకి వెళ్లింది. దూరం సగమైతే ఎండ నాలుగింతలు. భూమి దగ్గర చదరపు మీటరుకు 1,361 వాట్లు పడితే, 4.2 కోట్ల కి.మీ. దగ్గర దానికి 13 రెట్లు.

2. అద్దం సైజు. 10 సెం.మీ. చాలు. భూమి దగ్గర నుంచి దాంతో సూర్యుడి మీద సుమారు 1,000 కి.మీ. వివరం కనిపిస్తే, 4.2 కోట్ల కి.మీ. దగ్గర నుంచి 280 కి.మీ. వివరం కనిపిస్తుంది. పెద్ద అద్దం చేసే పని దూరం తగ్గడమే చేసిపెడుతోంది. కానీ ఆ అద్దానికి వెలుగు వచ్చే 10 సెం.మీ. రంధ్రంలోంచే దాదాపు 135 వాట్లు లోపలికొస్తాయి. వ్యాసం రెట్టింపు చేస్తే వేడి నాలుగింతలవుతుంది, కాబట్టి ఆశపడకండి.

3. ఏం చూడాలి? కళ్లకు కనిపించే సూర్యుడి గుండ్రటి బింబమా, దాని చుట్టూ ఉండే పలచని వాతావరణం కరోనానా? కరోనా వెలుగు బింబంతో పోలిస్తే పది లక్షల వంతు కూడా ఉండదు, కాబట్టి బింబాన్ని అడ్డగించాలి. ఆదిత్య కోసం భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లు బెంగళూరు పక్కన హోసకోటెలో సిద్ధం చేసిన వీఈఎల్‌సీ అనే కరోనా టెలిస్కోప్‌లో రెండో అద్దం మధ్యలో రంధ్రం ఉంటుంది. బింబపు వెలుగు అందులోంచి పక్కకు పోతుంది, కరోనా వెలుగు మాత్రం కెమెరా వైపు తిరుగుతుంది. చాలా తెలివైన పద్ధతి. అయితే ఎండ 13 రెట్లున్నచోట ఆ వేడంతా మొదటి అద్దం మీదే పడుతుంది. అందుకే సోలార్ ఆర్బిటర్‌లో కరోనాను చూసే మెటిస్ పరికరానికి ముందు చిన్న రంధ్రం పెట్టి, బింబపు వెలుగును ఓ బుల్లి అద్దంతో అదే రంధ్రంలోంచి వెనక్కి పంపేశారు.

4. కవచం. పార్కర్‌ది 11.4 సెం.మీ. మందం కార్బన్ కవచం. ముందువైపు దాదాపు 1,400 డిగ్రీలు తట్టుకునేలా చేశారు, వెనక పరికరాలుండే చోటు సుమారు 30 డిగ్రీలే. దాని కెమెరా నీడలో కూర్చుని పక్కకు చూస్తుంది. మీది సూటిగా చూడాలంటే కవచానికి రంధ్రం, దానికో తలుపు కావాలి. ఎండాకాలం తెల్ల చొక్కాలా తెల్ల రంగు వేస్తే పోదా అంటారేమో. అతినీలలోహిత కిరణాలకు తెలుపు క్రమంగా మారిపోతుంది, వేడి లెక్కలు తప్పుతాయి. సోలార్ ఆర్బిటర్ కవచానికి కాల్చిన ఎముకల బొగ్గుతో చేసిన నల్ల పూత వేశారు.

5. శుభ్రత. జిగురు, పెయింట్, వైర్ల తొడుగుల నుంచి శూన్యంలో వచ్చే ఆవిరి అద్దం మీద చేరి, ఎండకు మాడి అంటుకుపోతుంది. ఏ జిగురు వాడాలన్నది మొదటి రోజే రాసుకోండి.

6. గురి. నౌక కాస్త పక్కకు ఒరిగితే కవచం నీడ తప్పుతుంది. సూర్యుడి దగ్గర నుంచి సిగ్నల్ రావడానికే దాదాపు 8 నిమిషాలు, జవాబు వెళ్లడానికి మరో 8. అంతసేపు ఆగే వీలు పరికరానికి ఉండదు. సరిదిద్దుకునే పని నౌకలోని సాఫ్ట్‌వేర్‌కే అప్పగించి, ఎన్ని డిగ్రీలు ఒరిగితే తలుపు మూసేయాలో డ్రాయింగ్ మీదే రాయండి.