టెంప్టేషన్స్ పాటలు వినడం ఎలా?

అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతంలో టెంప్టేషన్స్ అనే గాయక బృందాన్ని తెలుసుకోవాలనుకునేవారు మొదట హిట్ పాటల సంకలనాలను పక్కన పెట్టాలి. అవి తరచుగా కాలక్రమాన్ని కలగాపులగం చేస్తాయి కాబట్టి, పాట పాటకూ ప్రధాన గాయకుడు ఎందుకు మారుతున్నాడో కొత్త శ్రోతకు అంతుపట్టదు. పాటలను విడుదలైన వరుసలో పెట్టుకొని, ముందు నిలిచి పాడుతున్నది ఎవరో గుర్తిస్తూ వినాలి.

1961లో డెట్రాయిట్‌లో ప్రైమ్స్, డిస్టెంట్స్ అనే బృందాలవారు కలిసి టెంప్టేషన్స్‌గా ఏర్పడి, మోటౌన్ అనే రికార్డు సంస్థలో చేరారు. తొలి రికార్డులను పైపైన విన్నా నష్టం లేదు. 1964లో బృంద సభ్యుడు ఎడ్డీ కెండ్రిక్స్ ప్రధానంగా పాడిన 'ద వే యు డూ ద థింగ్స్ యు డూ' దగ్గర ఆగి, తారస్థాయిలో సన్నగా సాగే ఆ గొంతును చెవికి పట్టించుకోవాలి.

తరువాత, అదే ఏడాది చివర విడుదలై 1965లో అమెరికా హిట్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిన 'మై గర్ల్' వినాలి. స్మోకీ రాబిన్సన్, రొనాల్డ్ వైట్ రాసిన ఈ పాటను కనీసం మూడుసార్లు వినడం అవసరం. మొదటిసారి డేవిడ్ రఫిన్ గరుకు గొంతును, రెండోసారి జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్‌ను, మూడోసారి వెనుక పాడే నలుగురిని మాత్రమే వినాలి. బుర్రకథలో వంతల మాదిరిగా వీరు కథకుడి మాటను అందుకొని బరువు పెంచుతారు. మంద్రస్థాయిలో మెల్విన్ ఫ్రాంక్లిన్ గొంతు విడిగా తెలిసేదాకా వినడం ఆపకూడదు.

1968లో రఫిన్‌ను తొలగించి డెనిస్ ఎడ్వర్డ్స్‌ను తీసుకున్నారు. నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ అదే సమయంలో రాక్ గిటార్లను ప్రవేశపెట్టడంతో బృందం స్వరూపమే మారిపోయింది. మోటౌన్‌కు తొలి గ్రామీ సంగీత పురస్కారం తెచ్చిన 'క్లౌడ్ నైన్' ఆ మార్పు ఫలితమే. ఇక్కడ చెవికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. 1969 నాటి 'ఐ కాంట్ గెట్ నెక్స్ట్ టు యు'లో అయిదుగురూ ప్రధాన గానాన్ని పంచుకున్నారు. పేర్లు చూడకుండా ఎవరి వంతు ఎక్కడ మొదలవుతోందో చెప్పగలిగితే ముందుకు సాగవచ్చు, లేకపోతే 'మై గర్ల్'కు తిరిగి వెళ్లడమే మేలు.

కెండ్రిక్స్ బృందాన్ని వీడే ముందు పాడిన 'జస్ట్ మై ఇమాజినేషన్' 1971లో వచ్చింది. 1972 నాటి 'పాపా వజ్ ఎ రోలింగ్ స్టోన్'ను మాత్రం సింగిల్‌గా, అంటే విడి పాటగా అమ్మడానికి, కుదించిన రూపంలో కాక, దాదాపు పన్నెండు నిమిషాల ఆల్బం రూపంలోనే వినాలి. అందులో గొంతు వినిపించడానికి నాలుగు నిమిషాల దాకా పడుతుంది. ఆ నిరీక్షణను దాటవేస్తే ఎడ్వర్డ్స్ మొదటి మాటకు ఉన్న తీవ్రత సగం పోతుంది.